ఎల్ఏపీఎల్ చాలా, పీపీఎల్ కావాలా?

ప్రశ్న: పదకొండేళ్లుగా మ్యూనిక్‌లో ఉంటున్నాం. నాకు 43 ఏళ్లు, కార్ల కంపెనీలో ఇంజనీర్‌ని. హెలికాప్టర్ నడపడం నేర్చుకోవాలని ఎన్నాళ్లుగానో కోరిక. స్కూల్‌కి వెళ్లి అడిగితే రెండు దారులు చెప్పారు: తేలికపాటి లైసెన్స్ ఎల్ఏపీఎల్, పూర్తిస్థాయి ప్రైవేట్ లైసెన్స్ పీపీఎల్. ట్రైనింగ్‌లో తేడా ఐదు గంటలేనట. పైగా ఎల్ఏపీఎల్‌కి ఏటా పరీక్ష ఉండదట. మా ఆవిడని, ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని ఆల్ప్స్ వైపు, ఆస్ట్రియా వైపు వెళ్లిరావాలని ఆశ. ఇండియా వెళ్లినప్పుడు అక్కడా నడపగలిగితే ఇంకా సంతోషం. ఉద్యోగం వల్ల నెలకు ఒక గంటకు మించి కుదరదు, చలికాలంలో అదీ అనుమానమే. గుంటూరులో ఉన్న నాన్నగారు మాత్రం 2009 సెప్టెంబర్‌ని గుర్తుచేసి వద్దంటున్నారు. ఏ లైసెన్స్ తీసుకోమంటారు? తీసుకున్నాక అది చెల్లుబాటులో ఉండాలంటే ఏటా ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో నేను ఆగి రెండోసారి చదివిన మాట ‘నెలకు ఒక గంట’. మీరు ఏ లైసెన్స్ తీసుకోవాలన్నది చాలావరకు దాన్నిబట్టే తేలుతుంది. స్కూల్లో చెప్పిన ఐదు గంటల తేడా ట్రైనింగ్ బిల్లులో కనిపిస్తుంది గానీ, లైసెన్స్ చేతికొచ్చిన మూడో ఏడుకి దాని ఊసే ఎవరికీ గుర్తుండదు. అప్పటికి మీ ముందుండే ప్రశ్న ఒకటే: ఈ లైసెన్స్ ఏటా నన్ను ఏం అడుగుతోంది, అది నేను ఇవ్వగలనా? అందుకని నా సలహా ముందే చెప్పేసి కారణాలు తర్వాత చెప్తాను. మెడికల్‌లో అడ్డు రాకపోతే పీపీఎల్ తీసుకోండి. తీసుకున్నాక ఒకే రకం హెలికాప్టర్ మీద ఉండండి.

మీకు జర్మనీలో ఇచ్చే ఈ రెండు లైసెన్సులూ యూరప్ విమానయాన భద్రతా సంస్థ ఈయాసా నిబంధనల కిందివే. థియరీ రెండింటికీ ఒకటే. తొమ్మిది సబ్జెక్టులు, ఒక్కో దానిలో 75 శాతం రావాలి. ఎల్ఏపీఎల్‌కి కనీసం 40 గంటల ఫ్లయింగ్, అందులో 20 ఇన్‌స్ట్రక్టర్‌తో, 10 ఒంటరిగా. పీపీఎల్‌కి 45, అందులో 25 ఇన్‌స్ట్రక్టర్‌తో, 10 ఒంటరిగా. ఒంటరిగా చేసే దూరప్రయాణం ఎల్ఏపీఎల్‌లో 150 కిలోమీటర్లు, దారిలో ఒక వేరే ఎయిర్‌ఫీల్డ్‌లో దిగాలి. పీపీఎల్‌లో 185 కిలోమీటర్లు, రెండు చోట్ల దిగాలి. ఇవన్నీ కనీస అంకెలు. ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో నేర్చుకునేవాళ్లకి ఏ లైసెన్స్ అయినా యాభై దాటడం మామూలే, అరవై దాటినవాళ్లూ ఎక్కువే. కాబట్టి నలభైకి, నలభై ఐదుకీ మధ్య ఆదా చేద్దామన్న లెక్క కాగితం మీదే మిగిలిపోతుంది.

ఎల్ఏపీఎల్‌తో ఒక ఇంజన్ ఉండి, గరిష్ఠ బరువు 2,000 కిలోలు దాటని హెలికాప్టర్లు నడపొచ్చు. ప్రయాణికులు ముగ్గురికి మించకూడదు, మీతో కలిపి నలుగురు. ప్రస్తుతానికి మీ కుటుంబానికి ఇది అతికినట్టు సరిపోతుంది. నాలుగు సీట్ల రాబిన్సన్ ఆర్44 గరిష్ఠ బరువు 1,134 కిలోలే. ఆస్ట్రియా, ఇటలీ, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, అన్ని చోట్లా ఎల్ఏపీఎల్ చెల్లుతుంది. మీ ఆల్ప్స్ కోరికకి ఇది చాలు, ఆ మాట నిజమే.

చిక్కు ఈయాసా దేశాలు దాటాక మొదలవుతుంది. ఎల్ఏపీఎల్ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ప్రమాణాలకు అనుగుణమైన లైసెన్స్ కాదు. ఈయాసా పరిధి బయట దాన్ని గుర్తించాల్సిన అవసరం ఏ దేశానికీ లేదు. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ కూడా ఆ పరిధి బయటే ఉంది. ఇండియాలో నడపాలన్న మీ ఆశకి ఎల్ఏపీఎల్ మొదటి మెట్టు కూడా కాదు. పీపీఎల్ ఐకావో లైసెన్స్ కాబట్టి ఇండియాలో పైలట్ లైసెన్సులు ఇచ్చే డీజీసీఏ దగ్గరికి వెళ్లి మార్పిడి గురించి మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. అక్కడి నిబంధనల పరీక్ష, కాగితాలు, అవి వేరే సంగతి. గంట లెక్కన హెలికాప్టర్ అద్దెకు తీసుకుని మనమే నడుపుకునే క్లబ్ అలవాటు మన దగ్గర లేదు కాబట్టి, సెలవుల్లో వెళ్లి నడిపేద్దామన్న ఆశని కాస్త తగ్గించుకోమనే చెప్తాను. ఇండియా కోసమే అయితే పీపీఎల్ తీసుకోమనను.

తీసుకోమనేది ఏడాదికోసారి జరిగే పరీక్ష కోసం. మీరు భారం అనుకుంటున్నదే నా దృష్టిలో పీపీఎల్‌కున్న బలం.

ఎల్ఏపీఎల్ చెల్లుబాటు ఎలా ఉంటుందో చూడండి. దానికి గడువు తేదీ అంటూ ఉండదు. మీరు టేకాఫ్ అయ్యే రోజు నుంచి వెనక్కి పన్నెండు నెలలు లెక్కపెట్టాలి. ఆ పన్నెండు నెలల్లో ఆ రకం హెలికాప్టర్ మీద కనీసం ఆరు గంటలు, ఆరు టేకాఫ్‌లు, అప్రోచ్‌లు (దిగడానికి నేల వైపు రావడం), ల్యాండింగ్‌లు ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్‌తో కనీసం గంట రిఫ్రెషర్ ట్రైనింగ్ కూడా ఉండాలి. లేకపోతే ఎగ్జామినర్‌తో ప్రొఫిషియెన్సీ చెక్, అంటే గాల్లో నడిపి చూపించే నైపుణ్య పరీక్ష, పాసయ్యాకే మళ్లీ నడపాలి. ‘పరీక్ష ఉండదు’ అని స్కూల్లో చెప్పినమాట ఇంతవరకే నిజం: గంటలు నిండితే పరీక్ష ఉండదు.

దీన్ని మీ జీవితానికి అన్వయిద్దాం. పోయిన మే నెలలో రెండు గంటలు, జూన్‌లో రెండు, ఆగస్టులో ఇన్‌స్ట్రక్టర్‌తో ఒకటి, సొంతంగా ఒకటి, అక్టోబర్‌లో ఒకటి నడిపారనుకోండి. మొత్తం ఏడు. చలికాలమంతా పొగమంచు, ఆఫీసు, పిల్లల జలుబులు. ఏప్రిల్‌లో ఓ ఆదివారం ఎండ కాసింది. వెనక్కి లెక్కపెడితే ఏడు గంటలూ ఉన్నాయి, లైసెన్స్ చెల్లుతుంది. కానీ పిల్లల్ని ఎక్కించుకోవడానికి లేదు. ప్రయాణికులతో వెళ్లాలంటే గత 90 రోజుల్లో అదే రకం మీద మూడు టేకాఫ్‌లు, అప్రోచ్‌లు, ల్యాండింగ్‌లు చేసి ఉండాలి, మీ చివరి ఫ్లైట్ అక్టోబర్. ఆ వారం కుదరక వదిలేశారు, తర్వాత ఆఫీసు పని మీద ఊళ్లు తిరిగారు. జూన్ ఆఖరుకి చూసుకుంటే నిరుటి మే గంటలు జారిపోయాయి, జూన్ గంటలూ జారిపోయాయి. చేతిలో మూడే మిగిలాయి. ఈ సంగతి మీకు ఎవరూ ఉత్తరం రాసి చెప్పరు. కార్డు మీద ఏ తేదీ మారదు. లాగ్‌బుక్ తీసి మీరే కూడుకోవాలి, ప్రతిసారీ. ఈ లెక్క తప్పిన స్థితిలో ఎగిరి ఏదైనా జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేది ఆ లాగ్‌బుక్కే.

పీపీఎల్ వేరే పద్ధతిలో నడుస్తుంది. లైసెన్స్‌కి కాలపరిమితి ఉండదు, దాని మీద రాసిన టైప్ రేటింగ్‌కి, అంటే ఫలానా రకం హెలికాప్టర్ నడిపే అనుమతికి, ఏడాది గడువు ఉంటుంది. గడువు తీరే ముందు మూడు నెలల్లో ఎగ్జామినర్‌తో ప్రొఫిషియెన్సీ చెక్ చేయాలి. ఆ ఏడాదిలో ఆ రకం మీద కనీసం రెండు గంటలు ఉండాలి, చెక్ ఫ్లైట్ సమయం కూడా అందులో కలుస్తుంది. ఆ మూడు నెలల కిటికీలో చేస్తే కొత్త గడువు పాత తేదీ నుంచే లెక్క, ముందు చేసినందుకు మీరు రోజులు పోగొట్టుకోరు. గడువు దాటిపోతే మళ్లీ ఎంత ట్రైనింగ్ కావాలో స్కూల్ వాళ్లు చూసి చెప్తారు, అది చేసి చెక్ పాసవ్వాలి. 90 రోజుల నిబంధన దీనికీ ఉంది.

గమనించారా, కాగితం మీద చూస్తే గంటలు తక్కువ అడిగేది పీపీఎల్లే. ఎల్ఏపీఎల్ గంటలు అడుగుతుంది, పీపీఎల్ పరీక్ష అడుగుతుంది. నెలనెలా క్రమం తప్పకుండా ఎగిరే మనిషికి ఎల్ఏపీఎల్ హాయి. పని ఒత్తిడిలో గంటలు అటూ ఇటూ అయ్యే మనిషికి తేదీ కనబడుతూ ఉండే పీపీఎల్ మేలు. ఎగ్జామినర్ ఏడాదికోసారి పక్కన కూర్చుంటాడు కాబట్టి చేతి పని ఎంత మందగించిందో బయటపడుతుంది. అయితే రెండు గంటలతో సరిపెట్టి కుటుంబాన్ని ఎక్కించుకునే ఆలోచన ఎప్పుడూ పెట్టుకోకండి. ఆ రెండు గంటలు చట్టం అడిగే కనీసం. ఎల్ఏపీఎల్ అడిగే ఆరు గంటలు, ఇన్‌స్ట్రక్టర్‌తో గంట, ఇవి పీపీఎల్ ఉన్నా మీరు మీకే పెట్టుకోవాల్సిన నియమం అని నేను గట్టిగా నమ్ముతాను.

చేతి పని అంటున్నానే, అదేమిటో చెప్తాను. చెక్ ఫ్లైట్‌లో ఎగ్జామినర్ చెప్పి థ్రాటిల్ మూసేస్తాడు, ఇంజన్ ఆగిపోయినట్టు. ఆ క్షణంలోనే మీ ఎడమచేతిలోని కలెక్టివ్ (హెలికాప్టర్‌ని పైకి లేపే, కిందికి దించే లీవర్) కిందికి వెళ్లిపోవాలి. రెండు సీట్ల చిన్న హెలికాప్టర్ రాబిన్సన్ ఆర్22లో పైన తిరిగే రోటర్ బ్లేడ్లు తేలిక, వాటిలో నిలవ ఉండే శక్తి తక్కువ. సెకను, సెకనున్నర తటపటాయిస్తే చాలు, రోటర్ వేగం దిగజారుతుంది. మామూలు వేగంలో 80 శాతం, దానికి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకి ఒక శాతం కలిపితే వచ్చే అంకె కంటే కిందికి పోతే బ్లేడ్లు స్టాల్ అవుతాయి, అంటే హెలికాప్టర్‌ని గాల్లో నిలిపే శక్తి కోల్పోతాయి. అక్కడి నుంచి తిరిగి లేపే మార్గం లేదు. ఆలోచించి చేసే వ్యవధి దొరకదు, చెయ్యి అలవాటుగా కదలాలి. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా చేయని పని ఏప్రిల్‌లో అదే చురుకుతో రాదు. ఎంత తెలివైనవాళ్లకైనా రాదు.

ఇక ఒకే రకం మీద ఉండమన్న మాట. హెలికాప్టర్లలో ప్రతి మోడల్‌కీ విడిగా అనుమతి కావాలి. రెండు లైసెన్సుల్లోనూ ట్రైనింగ్‌లో కనీసం 35 గంటలు ఏ మోడల్ మీద టెస్ట్ ఇస్తారో దాని మీదే చేయాలి. చాలా స్కూళ్లు ఆర్22 మీదో, ఫ్రెంచ్ వాళ్ల కాబ్రీ జీ2 మీదో నేర్పుతాయి. రెండూ రెండేసి సీట్లవి, ఖర్చు తక్కువ. ఆర్44 అద్దె దాదాపు రెట్టింపు పడుతుంది. మీకు కావాల్సింది నాలుగు సీట్లు కాబట్టి ఎప్పటికైనా ఆర్44కి రావాల్సిందే. ఎల్ఏపీఎల్ ఉన్నవాళ్లు కొత్త మోడల్ చేర్చుకోవాలంటే ఐదు గంటల ట్రైనింగ్, అందులో ఇన్‌స్ట్రక్టర్‌తో పదిహేను, ఒంటరిగా పదిహేను టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు, ఆపైన స్కిల్ టెస్ట్. అంతా అయ్యాక రెండు మోడళ్లూ నిలుపుకోవాలంటే ఆరు గంటల లెక్క ఒక్కో మోడల్‌కీ విడివిడిగా వర్తిస్తుంది. నెలకు గంట దొరికే మనిషి వల్ల కాదు.

పీపీఎల్‌లో పిస్టన్ ఇంజన్ మోడళ్లు కొన్నిటికి ఒకదాని మీద చెక్ చేస్తే మిగతావీ రెన్యూ అయ్యే వెసులుబాటు ఉంది. బెల్ 47, ఎన్‌స్ట్రామ్ లాంటి పాత రకాలకి అది దొరుకుతుంది. ఆర్22, ఆర్44లకి దొరకదు, దేని చెక్ దానిదే. స్కూల్ డెస్క్ దగ్గర ఈ ముక్క చెప్పేవాళ్లు తక్కువ. అందుకే నా మాట: చిన్న హెలికాప్టర్ మీద నేర్చుకుని లైసెన్స్ తీసుకోండి, కొన్నాళ్లు దాని మీదే ఒంటరిగా తిరగండి, తర్వాత ఆర్44 రేటింగ్ చేసి పూర్తిగా దానికి మారిపోండి. పాతదాని గడువు తీరిపోతే తీరిపోనివ్వండి. డబ్బుకి వెనకాడకపోతే మొదటి రోజు నుంచీ ఆర్44 మీదే నేర్చుకోవడం ఇంకా శుభ్రం.

చిన్నదాన్ని ఎంచుకునేటప్పుడు ఒకటి గమనించండి. ఆర్22, ఆర్44 రోటర్లు పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతాయి. హోవర్‌కి (గాల్లో ఒకేచోట నిలవడానికి) లేపుతూ కలెక్టివ్ పైకి లాగితే ముక్కు కుడికి పోతుంది, ఎడమ పెడల్ నొక్కి ఆపాలి. కాబ్రీ రోటర్ గడియారం వైపే తిరుగుతుంది, అక్కడ కుడి పెడల్. యాభై గంటలు కాబ్రీలో కుడికాలికి అలవాటు చేసి ఆర్44లో కూర్చుంటే మొదటి రోజుల్లో కాలు తప్పు వైపే నొక్కుతుంది. కాబ్రీ మంచి హెలికాప్టర్, నేర్చుకోవడానికి ఎంతో సాధువు. కానీ మీ గమ్యం ఆర్44 అయినప్పుడు ఆర్22 మీద మొదలుపెట్టడమే దగ్గర దారి. ఆర్22లో ఒక్కో సీటు పరిమితి 109 కిలోలు, సీటు కింద పెట్టే సామానుతో కలిపి. మీరూ, ఇన్‌స్ట్రక్టరూ కలిసి బరువెక్కువైతే ఇంధనం తగ్గించుకోవాల్సి వస్తుంది. ఆ లెక్క మొదటి క్లాసులోనే అడగండి.

మెడికల్ విషయం. పీపీఎల్‌కి క్లాస్ 2 మెడికల్ సర్టిఫికెట్ కావాలి, ఎల్ఏపీఎల్‌కి దానికంటే కాస్త సడలింపు ఉన్న ఎల్ఏపీఎల్ మెడికల్ చాలు. మీ వయసులో రెండింటికీ గడువు 24 నెలలే. 50 దాటాక క్లాస్ 2 ఏటా చేయించుకోవాలి, ఎల్ఏపీఎల్ మెడికల్ అప్పుడూ రెండేళ్లకోసారే. షుగర్, బీపీ, గుండె సంగతులు మన ఇళ్లల్లో మామూలు కాబట్టి స్కూల్‌కి డబ్బు కట్టకముందే విమానయాన వైద్యుడి దగ్గరికి వెళ్లండి. వాడే మందులన్నీ దాచకుండా చెప్పండి. క్లాస్ 2 రాదని, ఎల్ఏపీఎల్ మెడికల్ వస్తుందని ఆయన చెప్తే నా సలహా మారిపోతుంది: నిస్సంకోచంగా ఎల్ఏపీఎల్ తీసుకోండి. ఎల్ఏపీఎల్ తీసుకున్నాక పీపీఎల్ కావాలనిపించినా దారి మూసుకుపోదు. ఇన్‌స్ట్రక్టర్‌తో కనీసం ఐదు గంటలు, ఒంటరిగా ఆ 185 కిలోమీటర్ల ప్రయాణం ఉండే కోర్సు, దాని టెస్ట్ చేస్తే సరి.

మీ నాన్నగారి మాటకి వస్తాను. ఆ భయాన్ని తోసిపారేయకండి. 2009 సెప్టెంబర్ 2న బేగంపేట నుంచి చిత్తూరు బయల్దేరిన ప్రభుత్వ హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలింది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు సహా అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు. మర్నాటిదాకా ఆచూకీ తెలియలేదు. ఆ రాత్రి టీవీల ముందు కూర్చున్న తెలుగువాళ్లెవరూ దాన్ని మర్చిపోలేదు. అది రెండు ఇంజన్ల బెల్ 430, నడిపింది ఇద్దరు వృత్తి పైలట్లు. అయినా ఆనాటి వర్షమేఘాల్లో అలా జరిగింది. మీది ఒక ఇంజన్, ఒక పైలట్. మీరు తీసుకోబోయే లైసెన్స్ ఏదైనా కంటికి నేల, ముందున్న దారి కనిపిస్తున్నప్పుడు మాత్రమే ఎగరడానికి. మేఘంలోకి వెళ్లే అనుమతి రెండింటిలోనూ లేదు. రాత్రి నడపడానికి కూడా వేరే రేటింగ్ కావాలి. అది పీపీఎల్ మీదే, అదీ లైసెన్స్ వచ్చాక మరో వంద గంటలు పూర్తిచేసినవాళ్లకే.

ఆల్ప్స్ అంచున మేఘం కంటే ముందు గాలిని చూడాలి. దక్షిణం నుంచి ఆల్ప్స్ దాటి వచ్చే ఫ్యోన్ గాలి వీచే రోజు ఆకాశం అద్దంలా ఉంటుంది, పర్వతాలు చేతికందేంత దగ్గరగా కనిపిస్తాయి, లోయల్లో మాత్రం గాలి విసిరికొడుతూ ఉంటుంది. రాబిన్సన్ రోటర్‌కి అలాంటి కుదుపులు పడవు. తక్కువ గంటలున్న పైలట్లకి ఆ కంపెనీ హెలికాప్టర్లలో నేలమీది గాలి 25 నాట్లు (నాట్ అంటే గాలి వేగానికి కొలత) దాటినా, గాలి విసురులో హెచ్చుతగ్గులు 15 నాట్లు దాటినా ఎగరకూడదన్న పరిమితి ఉంది. ఆ రెండు అంకెలు చీటీ మీద రాసి పెట్టుకోండి. దారిలో వాతావరణం చెడితే వెనక్కి తిరగండి, తిరిగే వీలు లేకపోతే పొలంలో దిగిపోండి. జర్మనీలో అనుమతి లేకుండా ఎక్కడపడితే అక్కడ దిగకూడదన్నది నిజమే గానీ, భద్రత కోసం దిగాల్సి వస్తే చట్టం అడ్డుపడదు. ఈ సంగతి తెలియక జరిమానాకి భయపడి ముందుకే పోయేవాళ్లుంటారు. నాన్నగారికి ఫోన్‌లో ఇవే చెప్పండి: మబ్బు ఉంటే వెళ్లను, గాలి ఉంటే వెళ్లను, ఏటా ఒక ఎగ్జామినర్ పక్కన కూర్చుని ఇంజన్ ఆగినట్టు చేసి నా చెయ్యి చూస్తాడు. ఆయన అప్పటికీ ఒప్పుకోకపోవచ్చు. చెప్పడం మాత్రం మానకండి.

మెడికల్‌తో పాటే ఇంకో రెండు పనులు మొదలుపెట్టండి, రెండూ నెలలు పడతాయి. ఒకటి, జర్మనీలో హెలికాప్టర్ పైలట్లకి ఉండాల్సిన భద్రతాపరమైన నేపథ్య విచారణ. ఇంతకుముందు ఎక్కడెక్కడ ఉన్నారో రాయాలి, అది ఐదేళ్లు చెల్లుతుంది. రెండోది రేడియో సర్టిఫికెట్, భాషా పరీక్ష. ఇంగ్లిష్‌లో లెవెల్ 4 వస్తే నాలుగేళ్లకి, 5 వస్తే ఆరేళ్లకి మళ్లీ రాయాలి, 6 వస్తే ఇక అక్కర్లేదు. మీరు 6కి ప్రయత్నించండి, గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ ఒకటి తగ్గుతుంది. చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లలో చాలాచోట్ల రేడియోలో జర్మనే నడుస్తుంది కాబట్టి సర్టిఫికెట్ రెండు భాషలకీ తీసుకోండి.

స్కూల్‌ని ఎంచుకునేటప్పుడు గంట రేటు ఒక్కటే అడిగి వచ్చేయకండి. లైసెన్స్ వచ్చాక ఆర్44 అద్దెకిస్తారా, శని ఆదివారాల్లో దొరుకుతుందా, బీమా వాళ్లు ఆ మోడల్ మీద ఎన్ని గంటలు అడుగుతున్నారు, ఎన్నాళ్లు ఎగరకపోతే మళ్లీ ఇన్‌స్ట్రక్టర్‌తో చెక్ చేయించుకోమంటారు, దగ్గరలో ఎగ్జామినర్ ఎవరు, ఇవన్నీ అడగండి. స్కిల్ టెస్ట్ మే నెలలో పడేలా చూసుకోండి. టైప్ రేటింగ్ గడువు మే ఆఖరుకి వస్తుంది, ఏటా చెక్ కిటికీ మార్చి నుంచి మే దాకా ఉంటుంది. ఆర్44కి మారేటప్పుడు దాని టెస్ట్ కూడా అదే నెలలో పెట్టుకోండి. చలికాలం పోయాక మొదటి గంట ఇన్‌స్ట్రక్టర్‌తో, రెండోది ఎగ్జామినర్‌తో, ఆ తర్వాత ఒక గంట ఒంటరిగా. అవి అయ్యాకే మీ ఆవిడనీ పిల్లల్నీ ఎక్కించుకోండి.